తిప్పన్న తీపియావ

కొత్త పైసలు చెలామణిలోకి వచ్చిన మరుసటేడు సంగతి. ధర్మవరంలో తిప్పన్న అనే నేతగాడికి పొద్దు బెల్లంతోనే మొదలయ్యేది. పండ్లు తోముకొని, చౌడేశ్వరమ్మ పటానికి దండం పెట్టుకొని, పిడికెడు వేయించిన శెనక్కాయలూ ఓ బెల్లంగడ్డా నములుతూ మగ్గం గుంతలోకి దిగేవాడు. నోట్లో బెల్లం కరిగేదాకా చేతిలో పోగు నడిపే నాడె ఆడేది కాదు. మధ్యాహ్నం సంగటిలోకి ఎంత మంచి పులుసున్నా చివరి ముద్ద బెల్లంతోనే. సాయంత్రం బజారుకు పోతే మిఠాయి అంగడి ముందు కాళ్ళు వాటంతటవే ఆగిపోయేవి. "పుట్టినప్పుడు నీ నాలికమీద తేనె రాసినోళ్ళు తుడిచేది మరిచిపోయినారు" అని భార్య ఉలిగమ్మ ఎగతాళి చేసేది.

అలాంటి మనిషికి ఎడమకాలి బొటనవేలిమీద చిన్న పుండు లేచింది. తొక్కుడు చెక్క ఒరుసుకొని ఉంటుందిలే అనుకున్నాడు. పసుపు పెట్టాడు, ఆకుపసరు పిండాడు. పుండు మానలేదు సరికదా, వేలు నల్లబడటం మొదలుపెట్టింది. ఉలిగమ్మ పట్టుబట్టి రైలెక్కించి హిందూపురంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన పరీక్షలు చేసి చక్కెర జబ్బని తేల్చాడు.

"మందు నేనిస్తా, నోరు నువ్వు కట్టుకోవల్ల" అన్నాడు డాక్టరు. "బెల్లం, చక్కెర, మిఠాయి అన్నీ బంద్. సంగటి తిను, ఆకుకూర తిను, ఉలవచారు తాగు. ఉగాది అయినాక రా. అప్పటికీ పుండు ఆరకుంటే పాదం తీసెయ్యాల్సి వస్తాది."

తిరుగు రైల్లో తిప్పన్న తన కాళ్ళవైపే చూసుకుంటూ కూర్చున్నాడు. చీర నేసేవి చేతులని చూసేవాళ్ళు అనుకుంటారు గానీ, గుంతమగ్గంలో రెండు కాళ్ళూ మార్చి మార్చి చెక్కలు తొక్కితేనే పడుగు సరిగ్గా విచ్చుకునేది, నాడె దూరేది. పాదం లేని నేతగాడు గుంత గట్టుమీద కూర్చొని ఈగలు తోలుకోవాల్సిందే. ఆయనకు తెలిసిన పని అదొక్కటే. పెనుకొండ దాటేసరికి భయంతో చొక్కా తడిసిపోయింది.

ఇంటికొచ్చి నోరు కట్టుకున్నాడు. కొన్నాళ్ళకే, ఒక ఉదయం నేస్తూ ఉండగా, ఆయన తీపియావ ఆయనలోంచి లేచి, గుంత ఎక్కి, పంచె దులుపుకొని, వీధివైపు జగిలి అరుగుమీద పోయి కూర్చుంది. అచ్చం తిప్పన్నలాగే ఉంది. అదే బట్టతల, అవే కిందికి వాలిన మీసాలు, కాకపోతే నాలుగేళ్ళు చిన్న. ఎదురింటి పీరాంబీ వాకిలి చిమ్ముకుంటూ దాన్ని చూసి, "మనిషి నోరు కట్టుకుంటే యావ మాత్రం లోపల ఎన్నాళ్ళుంటాది పాపం! ఏమప్పా, కాళ్ళు కొంచెం పైకెత్తుకో, చిమ్మల్ల" అంది. యావ కాళ్ళెత్తి పెట్టుకుంది.

దానికి కుదురనేది లేదు. కాసేపు కూర్చుంటుంది, లేస్తుంది, వీధి చివరిదాకా పోయి తిరిగి వస్తుంది. మర్నాడు పొద్దున్నే గడపలో నిలబడి, "హిందూపురందాకా పోయొస్తా వదినా" అంది. ఉలిగమ్మ రాగిపిండి కలుపుతూ తల తిప్పకుండానే "పోయిరాప్పా" అంది. పీరాంబీ మొగుడు కాలేసాబ్ తన జట్కాలో దాన్ని స్టేషనులో దించి వచ్చాడు.

ఆ పగలంతా తిప్పన్నకు హాయిగా ఉంది. నోరూరలేదు, బజారు గుర్తు రాలేదు. ఎడమకాలు చాపి పెట్టుకొని ఒంటికాలినే రెండు చెక్కలమీదికీ మార్చుకుంటూ పొద్దంతా కలిపి జానెడు నేశాడు. పొద్దుగూకే వేళకు ప్యాసింజరు వచ్చింది. యావ కూడా వచ్చింది. హిందూపురం బెల్లం మండీలన్నీ తిరిగినట్టుంది, ఒళ్ళంతా అదే వాసన. పొద్దున పోయినదానికంటే బాగా ఒళ్ళు చేసింది. పలకరింపైనా లేకుండా నేరుగా పోయి తిప్పన్నలో దూరింది.

అక్కడినుంచి తిప్పన్నకు నిలబడితే నిలువనీయదు, కూర్చుంటే కూర్చోనీయదు. పెరట్లోంచి వీధిలోకీ, వీధిలోంచి వంటింట్లోకీ తిరిగాడు. కనిపించిన ప్రతి కుండ మూతా తీసి చూశాడు. రోజూ ఇదే వరస. పొద్దున "పోయొస్తా", సాయంత్రం రాక, వచ్చినప్పుడల్లా ముందటి రోజుకన్నా బరువు. ఒక గురువారం పీరాంబీ పెనుకొండ బాబయ్య దర్గాకు పోయి వచ్చి, "మీ యావ ఆడ కూడా ఉండాదక్కా. చక్కెర పంచేచోట అందరికన్నా ముందు నిలబడింది" అని చెప్పింది.

ఓ సాయంత్రం ఉలిగమ్మ నీళ్ళకు పోయినప్పుడు, చింతపండు కుండ అడుగున ఆమె దాచిన బెల్లంగడ్డ తిప్పన్నకు దొరికింది. మొత్తం తినేశాడు. ఆమె బిందెతో వచ్చేసరికి నోటినిండా బెల్లం పెట్టుకొని ఏడుస్తున్నాడు. ఉలిగమ్మ తిట్టలేదు. బిందె దించి, ఆయన కాలు ఒళ్ళో పెట్టుకొని చూసింది. నలుపు పక్కవేలి మొదలుదాకా పాకింది. ఆమెకూ ఏడుపు ఆగలేదు.

అలికిడి విని పీరాంబీ వచ్చింది. అంతా విని, "అక్కా, పొద్దున అది పోయేటప్పుడు నువ్వేమంటాండావు?" అని అడిగింది.

"ఏమంటా? పోయిరా అంటా."

"మరి రమ్మని నువ్వే చెప్తాంటే అది రాకేం చేస్తాది? పో అను. ఆ ఒక్క మాటే అను."

ఉలిగమ్మకు ఆ మాట మింగుడుపడలేదు. గడపలో నిలబడినవాళ్ళను ఎవరైనా పో అంటారా? జగడమాడి పోయే ఆడబిడ్డను కూడా పోయిరా అనే సాగనంపుతారు. పాడెమీద పోయేవాళ్ళను సైతం ఆ మాట అనరు. అయినా మొగుడి పాదం తలుచుకొని మర్నాడు ధైర్యం కూడగట్టుకుంది. "పో..." అంది. యావ వెనక్కి తిరిగి చూసింది. బట్టతల, వాలిన మీసాలు, అమాయకపు కళ్ళు. "...యిరాప్పా" అని జారిపోయింది మిగతాది.

"నీ చేత కాదులే, నేనంటా" అని ఆ మర్నాడు తిప్పన్న గడప దగ్గరికి వచ్చాడు. తన మొహమే తన గడపలోంచి తనను చూస్తోంది. "పోయిరా. తొందరగా రా" అన్నాడు. ఉలిగమ్మ నెత్తి కొట్టుకుంది.

ఉగాది దగ్గరపడింది. వీధిలో ఒక్కొక్క ఇంట్లోంచీ ఓళిగలకు పూర్ణం ఉడికే వాసన. మగ్గం ఆగిపోయింది. తిప్పన్న చివరికి తెగించి, "తీసేస్తే తీసెయ్యనీలేమే పాదం. కడుపునిండా ఓళిగలు తిని పోతా" అన్నాడు. ఉలిగమ్మకు ఒళ్ళు మండింది. సరిగ్గా అప్పుడే యావ గడపలోకి వచ్చి, "పోయొస్తా వదినా" అంది.

"యాడికీ పోబళ్ళేదు!" అని అరిచింది ఉలిగమ్మ. "నేసేటోళ్ళ ఇంట్లో ఊరికే కూచునేటోళ్ళు లేరు. మా ఇంటికి అల్లుడొచ్చినా రెండోపూటకు రాట్నం ముందర కూచుంటాడు. నువ్వు ఇన్నాళ్ళుగా తిరుగుతాండావే గానీ, నాడెలోకి ఒక్క కండె చుట్టినావా? రా, ఈడ కూచో."

యావ బిక్కమొహం వేసి కూర్చుంది. పుట్టి ఏనాడూ పని చేసిన ప్రాణం కాదు. రాట్నం తిప్పితే పట్టుపోగు పుటుక్కుమని తెగింది. మళ్ళీ తెగింది. ఉలిగమ్మ పక్కన కూర్చొని నేర్పించింది. పట్టు అల్లాటప్పా దారం కాదు, మనసు బజారుకు పోయిందంటే పోగు తెగుతుంది. తెగిన పోగును పెదాలతో తడిపి ముడి వెయ్యాలి. నోటికి ఆ పనే సరిపోయింది. ఆ పగలు ఎక్కడికీ పోలేదు కాబట్టి పొద్దుగూకేసరికి వెంట తెచ్చింది కూడా ఏమీ లేదు. అలసిపోయి, తిప్పన్న దగ్గరికి రాకుండా జగిలిమీదే ఒరిగి నిద్రపోయింది.

అప్పటినుంచి కండెలు పోగుపడసాగాయి. పోగుపడినవి నెయ్యక తప్పదు కదా, తిప్పన్న మళ్ళీ గుంతలోకి దిగాడు. మందు వేసుకున్నాడు, పెట్టిన సంగటీ ఆకుకూరా తిన్నాడు. అలాగని యావ మారిపోయిందని కాదు. కొన్ని సాయంత్రాలు రాట్నమూ నాడె ఒకేసారి ఆగేవి, ఇద్దరి చూపులూ బజారువైపు పోయేవి. ఉలిగమ్మ గట్టిగా దగ్గేది. పుండు అంచుల్లో ఎర్రగా కండ పట్టసాగింది గానీ, ఎడమకాలు చెక్కమీద మోపాలంటే తిప్పన్నకు ధైర్యం చాలేది కాదు.

ఉగాదినాడు ఉలిగమ్మ అమ్మవారికని నాలుగు ఓళిగలు చేసింది. నైవేద్యం పెట్టి, పండగపూట ఇంట్లో పని చేసినవాళ్ళకు పెట్టకపోతే ఎలా అని, అలవాటుకొద్దీ ఒకటి ఆకులో వేసి, నెయ్యి పోసి, యావ ముందు పెట్టేసింది. పెట్టాక గానీ ఏం చేసిందో తెలియలేదు. వడ్డించిన ఆకును వెనక్కి లాగడానికి ఆమెకు చేతులు రాలేదు. గుంతలో తిప్పన్న చెయ్యి నాడెమీద బిగుసుకుపోయింది. అది గనక తింటే కథ మళ్ళీ మొదటికొస్తుంది. మండీలు, చింతపండు కుండ, ఆసుపత్రి, కత్తి.

యావ ఓళిగను చూసింది. చెయ్యి ఆకుమీదికి పోయింది. అంతలో ఆ చేతినే వెనక్కి తీసుకొని, రాట్నంమీద వదులైన పోగును సవరించింది.

"ఈ కండె అయిపోనీ వదినా" అంది. "అన్న ఆడ నాడె పట్టుకోని నాకోసరం కాచుకోనుండాడు."

రాట్నం గిర్రున తిరిగింది. తిప్పన్న కళ్ళల్లో నీళ్ళు నిండాయి. పడుగు మసకమసకగా కనబడుతోంది. ఎడమకాలు చెక్కమీద పెట్టాడు. భయపడుతూనే నిండు బరువుతో తొక్కాడు. నొప్పి లేదు. పడుగు విచ్చుకుంది.

"కండె ఇటియ్యి తమ్ముడా" అని చెయ్యి చాచాడు.