నూట ఎనభై ఆరో పేజీ

నేను ఒక మూల్యాంకన నివేదికను. పేరు వినగానే ఆవలింత వచ్చిందా? రానివ్వండి, నాకు అలవాటే. రెండు వందల పన్నెండు పేజీలు, నీలం అట్ట, స్పైరల్ బైండింగు. పుట్టిన రోజున నన్ను చూసి ఎంత మురిసిపోయారో! ఇప్పుడు నా మీద దుమ్ము దులిపే నాథుడు లేడు.

నన్ను రాసింది హైమావతి గారు. ప్రభుత్వ పథకాలు జనానికి అక్కరకొస్తున్నాయో లేదో ఊరూరా తిరిగి చూసి రాయడం ఆవిడ ఉద్యోగం. కొండ మీది గూడేల గర్భిణులు నెలలు నిండగానే కిందికి వచ్చి, కాన్పయ్యే దాకా ఆసుపత్రి పక్కనే ఉండేందుకు ఒక వసతి గృహం పెట్టారు. మంచాలున్నాయి, వేళకు భోజనముంది. నూరుమందిని రమ్మంటే ముప్పై ఒక్కరే వచ్చారు. దాన్ని ఉంచాలా, మూసేయాలా? అది తేల్చుకోవడానికే నన్ను రాయించారు.

పాపం, హైమావతి గారు ఎనిమిది నెలలు కొండలెక్కి దిగారు. చివరి గూడెంలో వంతల చిలకమ్మ అని ఒకామె, ఇద్దరు బిడ్డల తల్లి, మళ్లీ మూడో నెల, రాగులు చెరుగుతూ, పక్కన ఆడుకుంటున్న పిల్లల్ని చూపించి చెప్పింది.

“నానొచ్చి అక్కడ మంచమెక్కి తొంగుంటే ఈ గుంటల్ని ఎవులు సూత్తారమ్మా? ఆల్ని తేవొద్దన్నారు కదా. తెమ్మంటే ఎందుకు రాను, వత్తాను.”

గూడెం గూడెంలోనూ అదే మాట. పిల్లలకొక గది, చూసుకోవడానికొక ఆయా ఉంటే చాలు. ఇంత చిన్న మాటను హైమావతి గారు ఎక్కడ పెట్టారనుకున్నారు? నూట ఎనభై ఆరో పేజీలో, ఏడో అనుబంధంలో, సన్నటి అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో! చూసింది చూసినట్టు రాయాలి గానీ, ఏం చేయాలో చెప్పి నిర్ణయంలో వేలు పెట్టకూడదని ఆవిడకు గురువులు నూరిపోశారు. అందుకని ముందంతా పద్ధతులు, పట్టికలు, పరిమితులు.

నన్ను అందుకున్న అధికారి పరశురామయ్య గారు. చెడ్డవాడేం కాదు, చేతిలో నలభై ఫైళ్లున్నవాడు. నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, నోరు తెరిచి అడిగాడు.

“ఇంతకీ ఉంచమంటారా, తీసెయ్యమంటారా?”

“అది మీరు తీసుకోవాల్సిన నిర్ణయం సార్. వివరాలన్నీ లోపల రాశాను,” అంది హైమావతి గారు, ఎంతో మర్యాదగా.

ఓ తల్లీ, ఆ ఒక్క ముక్కా చెప్పేయరాదూ!

ఆ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. అధికారి చూడాల్సిన పేజీకి గుమాస్తా చిన్న కాగితం చీటీ పెట్టి గుండుసూది గుచ్చుతాడు. దాన్ని ఫ్లాగ్ అంటారు. ఫ్లాగ్ ఉన్న పేజీయే చదువుతారు, మిగతావి ఉన్నా లేనట్టే లెక్క. గుమాస్తా నన్ను గబగబా తిరగేసి, తొమ్మిదో పేజీలో ‘ముప్పై ఒక్క శాతం’ కనబడగానే అక్కడ సూది గుచ్చాడు. పరశురామయ్య గారు అక్కడే తెరిచాడు, చదివాడు, నిట్టూర్చాడు. ఎవరూ రాని ఇల్లు ఎందుకని మూసేయమని రాశాడు. ఇంకొన్ని పేజీలు తిప్పండి బాబూ అని నేను ఎంత గింజుకున్నానో! కాగితానికి నోరెక్కడిది?

నాలుగు నెలలు గడిచాయి. చిలకమ్మకు నొప్పులొచ్చాయి. ఆసుపత్రికి మోసుకొస్తుంటే సగం దారిలోనే ప్రాణం పోయింది. కడుపులో బిడ్డా దక్కలేదు.

సంగతి తెలిసి హైమావతి గారు ఆఫీసుకు వచ్చింది. గుమాస్తా బల్ల మీది చీటీ ఒకటి తీసుకుని, నూట ఎనభై ఆరో పేజీకి తానే గుచ్చి, చిలకమ్మ పోయిన సంగతి చెప్పి నన్ను అధికారి ముందు పెట్టింది. ఆయన రెండుసార్లు చదివాడు.

“ఒక గది, ఒక ఆయా. ఇంతేనా? నేనడిగాను కదమ్మా ఆ రోజు!”

“ఏం చెయ్యాలో చెప్పడం నా పని కాదనుకున్నాను సార్,” అని ఆవిడ అక్కడే ఏడ్చేసింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తొమ్మిదో పేజీ దగ్గర ఆగిపోయింది తానే కదా.

వసతి గృహం మళ్లీ తెరిచారు, ఈసారి పిల్లల గదితో సహా. హైమావతి గారు ఇప్పుడు ఏది రాసినా, ఏం చేయాలో మొదటి పేజీలోనే తెలుగులో రాస్తుందట. నన్ను మాత్రం రికార్డు గదిలో గుడ్డ మూటలో కట్టి పడేశారు. సూది తుప్పు పట్టింది. నాకేం బాధ లేదు అంటే అబద్ధమే అవుతుంది.

ఫైళ్లు దించడానికి వచ్చినవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను, ఆ పిల్లల గదిలో ఇప్పుడు ఒకటే గోలట. వినగానే సంతోషం వేసింది. ఆ వెంటనే చిలకమ్మ అడిగిన మాట గుర్తొచ్చింది. ఆమె ఇద్దరు బిడ్డల్ని ఇప్పుడు ఎవరు చూస్తున్నారో, నా రెండు వందల పన్నెండు పేజీల్లో ఎక్కడా లేదు.