నర్సింగం పెట్టిన క

ఆ సోమవారం హారతికి చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. నల్లా బందయ్యేలోగా డ్రమ్ము నింపాలి. అమ్మకు మోకాళ్ల నొప్పుల మందు తేవాలి. బి.ఎడ్. దరఖాస్తుకు డిగ్రీ పట్టా జిరాక్సు తీయించాలి. ఆదివారం తెలుగువాళ్ల సమాజం గదిలో పిల్లలకు చెప్పే తెలుగు క్లాసు కోసం పలకలు కొనాలి. వీటన్నిటికంటే ముందు సూరత్ శివారులోని జోల్వా పోయి, మగ్గాల కార్ఖానాలో లెక్కలు చూసే మెహతాజీని కలిసి, బాపు సాంచాలు పోకుండా చూడాలి.

డ్రమ్ము మాత్రం నిండింది. మిగతావేవీ ఆ రోజు కాలేదు.

హారతి వాళ్ల బాపు నర్సింగం సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. తనతోపాటు అదే రైల్లో వచ్చిన లింగమూర్తితో జోడీ కట్టి అప్పట్నుంచీ ఒకే సాంచాల మీద పనిచేస్తున్నాడు. సాంచా అంటే మరమగ్గం. ఒకరు పగటి పాళీ నడిపితే ఇంకొకరు రాత్రి పాళీ. వారం తిరిగేసరికి పాళీలు మారతాయి. సాంచా ఆగదు కాబట్టి ఒకే బట్టలో కొంత ఒకరు నేసిందీ, కొంత ఇంకొకరు నేసిందీ ఉంటుంది. అందుకే పాళీ దిగేవాడు బట్ట అంచున తన గుర్తు పెట్టి పోవాలి. ఇక్కడిదాకా నాది అని దాని అర్థం. బట్ట చెకింగ్ బల్ల మీదికి వచ్చినప్పుడు ఎక్కడ పోగు తప్పితే ఆ జాగా కింద ఎవరి గుర్తు ఉందో చూస్తారు. తిట్లు వాడివే, కూలిలో కోత వాడిదే.

లింగమూర్తి గుర్తు సున్న. నర్సింగం గుర్తు ఒక నిలువు గీత, దాని నడుమ ఒక అడ్డగీత. ఇద్దరికీ చదువు రాదు.

ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివింది హారతి ఒక్కతే. చరిత్రలో బి.ఎ. చేసింది. చివరి ఏడాది కాలేజీ లైబ్రరీలో పాత లిపుల పుస్తకం ఒకటి తిరగేస్తుంటే అశోకుడి కాలపు అక్షరాల పట్టిక కనబడింది. అందులో 'క' ఎదురుగా ఉన్నది చూసి ఆమె పుస్తకం మూసి, మళ్లీ తెరిచింది. నిలువు గీత, అడ్డగీత. అది వాళ్ల బాపు గుర్తు.

ఆ ఆదివారం మధ్యాహ్నం పర్వత్ పాటియాలోని వాళ్ల గదిలో అందరూ అన్నాలు తిని కూర్చున్నారు. లింగమూర్తి కూడా ఉన్నాడు. ఆదివారం అన్నం అతనికి ఆ ఇంట్లోనే. భార్యాపిల్లలు ఊళ్లో ఉంటారు.

"బాపూ, నువ్వు పెట్టే గుర్తేందో ఎరుకనా?"

"ఏమున్నది బిడ్డా. నిలువుది పడుగు, అడ్డంది పేక. మన పని గింతే గద."

"అది క. రెండువేల ఏండ్ల కింద రాళ్ల మీద గిట్లనే చెక్కిండ్రు."

లింగమూర్తి తొడ చరిచి నవ్వాడు. "ఓ నర్సింగా! సదువు రాదు రాదనుకుంటనే రెండువేల ఏండ్ల సంది రాస్తున్నవురా!"

హారతి పలక తీసింది. ఆ రెండు గీతలే ఉత్తరానికి పోయి హిందీ క అయ్యాయని, దాని నడుమ ఆ అడ్డగీత ఇంకా ఉందని గీసి చూపించింది. పశ్చిమానికి వచ్చి గుజరాతీ క అయ్యాయి. దక్షిణానికి వచ్చేసరికి తాటాకు మీద గంటంతో రాసేవాళ్లు నిటారు గీత గీస్తే ఆకు చీలుతుందని గుండ్రంగా తిప్పారంటారు. అలా వంగి వంగి, నెత్తిన తలకట్టు పెట్టుకుని తెలుగు క అయింది.

"మా గుజరాతీ బడిల 'కమళ్‌నో క' అని నేర్పిండ్రు. కమలం అన్నట్టు. సంస్కృతంల అయితే ఆ ఒక్క అక్షరానికే ఎన్నో అర్థాలు. ఎవరు అని ఒకటి. బ్రహ్మ అని ఒకటి. తల, సుఖం, నీళ్లు..."

"నీళ్లు గూడనా?" అంది వాళ్లమ్మ వజ్రమ్మ గిన్నెలు సర్దుతూ. "అయితే అదొకటి రాసి నల్లా కాడ అంటియ్యి. పొద్దుగాల నీళ్లన్న సక్కగ ఒస్తయ్."

అందరూ నవ్వారు. నర్సింగం మాత్రం పలక వైపే చూస్తున్నాడు. "గిప్పటి క ఎట్ల రాస్తరో నాకు జర నేర్పు," అన్నాడు.

హారతి తండ్రి చేయి పట్టుకుని దిద్దించింది. తెగిన పోగును కంటిరెప్ప పాటులో ముడివేసే ఆ వేళ్లు బలపం పట్టుకునేసరికి బిగుసుకుపోయాయి. అయినా పొద్దు వాలేలోగా వచ్చేసింది. కొంచెం పక్కకు ఒరిగింది కానీ క అది.

"నాక్కూడ నేర్పవా బిడ్డా?" అన్నాడు లింగమూర్తి. ఆమె అతని చేయీ పట్టుకుని దిద్దించింది. ఆ తర్వాత నాలుగైదు ఆదివారాలు అతనూ పలక ముందు కూర్చున్నాడు. ఎంత దిద్దినా ఎండ్రకాయ కాళ్లలాగా వచ్చేది. చివరికి పలక పక్కకు తోసి, "నా చెయ్యికి ఒంపులు రావమ్మా. నా సున్నే నాకు మేలు," అని నవ్వేశాడు. హారతి జాలిపడింది. తన నేర్పడంలోనే ఏదో లోపం ఉందేమో అనుకుంది కూడా.

నర్సింగం మాత్రం ఆ మొదటి ఆదివారం మర్నాటి నుంచే బట్ట అంచున క పెట్టడం మొదలుపెట్టాడు. వారం తర్వాత హారతి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి కార్ఖానాకు పోయినప్పుడు మెహతాజీ ఆ గుర్తు చూపించి, "యే క్యా జలేబీ బనాయా తేరే బాప్‌నే?" అని వెక్కిరించాడు. ఆ షెడ్డు లెక్కలూ చెకింగూ అన్నీ అతని చేతిలోనే. హారతికి పౌరుషం వచ్చింది. అది జిలేబీ కాదు, తెలుగు అక్షరం అని హిందీలో చెప్పింది. అంతటితో ఆగినా బాగుండేది. ఈ షెడ్డు మొత్తంలో మా బాపు తప్ప ఇంకెవరూ ఇది రాయలేరు అని కూడా చెప్పింది. మెహతాజీ తల ఊపాడు. ఆ మాట అతనికి బాగా గుర్తుండిపోయింది.

కొన్నాళ్లకు క గుర్తున్న బట్టలో తప్పులు రావడం మొదలైంది. పోగు తెగినా చూసుకోకుండా నేసిన జాగాలు, నిలువునా సందులు. మొదట తిట్లు, తర్వాత కోతలు. ఆఖరికి ఈ వారంతో నర్సింగం సాంచాలు ఇంకొకరికి ఇచ్చేస్తామని కార్ఖానా యజమాని శేఠ్ కబురు చేశాడు. నర్సింగం ఇంటికొచ్చి, "అది నా చేతిపని కాదు," అని ఒక్క మాట అని గోడకు తిరిగి పడుకున్నాడు. హారతికి తెలుసు. బాపు పని ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

అందుకే ఆ సోమవారం కడోదరా దాకా షేర్ ఆటోలో, అక్కణ్ణుంచి ఇంకో ఆటోలో జోల్వా చేరింది. నర్సింగం ఆమె వెంటే ఉన్నాడు. మెహతాజీ చెకింగ్ బల్ల కింద లైటు వేసి బట్ట పరిచాడు. తప్పు జాగాలన్నీ వెలుతురులో తేలాయి. వాటి కింద క.

హారతి వంగి చూసింది. గుండ్రంగా, తీరుగా, తలకట్టుతో సహా పొందికగా ఉంది. క్లాసులో ఏ పిల్లవాడైనా అలా రాస్తే శభాష్ అనేది. వాళ్ల బాపు క ఎప్పుడూ పక్కకు ఒరిగే ఉంటుంది. ఆ మాట ఇక్కడ ఎవరు ఒప్పుకుంటారు? ఒకరి చేయి రోజూ ఒకలాగే తిరగాలని ఏముంది?

అప్పుడు తేదీ కనబడింది. రోజూ పొద్దున మెహతాజీ బట్ట అంచున తేదీ ముద్ర వేస్తాడు. ఈ బట్టలోని తప్పులన్నీ ఒక శనివారం ముద్రకూ ఆదివారం ముద్రకూ మధ్య ఉన్నాయి. హారతి యూనివర్సిటీలో పట్టా పుచ్చుకున్న శనివారం అది. ఆ రోజు నర్సింగం పనికి రాలేదు. "పో నర్సింగా, బిడ్డ పట్టా తీసుకునే రోజు మల్ల రాదు. రెండు పాళీలు నేనే నడుపుత," అని మెహతాజీకి చెప్పకుండా పంపించింది లింగమూర్తే. ఆ జాగాలో ఉండవలసినవి రెండు సున్నలు. ఒక సున్న ఉంది. ఇంకొకటి క.

హారతి ఆ క మీద వేలు పెట్టింది. నాలుగైదు ఆదివారాలు తన ఎదుట కూర్చుని రానట్టు ఎండ్రకాయలు గీసిన చేయి అది. తన చేత్తో పట్టుకుని దిద్దించిన చేయి.

రాత్రి పాళీ దిగి వెళ్లబోతున్న లింగమూర్తిని మెహతాజీ పిలిపించాడు.

"కాకా," అంది హారతి, "ఇది నువ్వు రాసిందేనా?"

అతను బల్ల వైపు వచ్చాడు. బట్టను చూడలేదు. చేత్తో బల్ల అంచు తడుముకుని నిలబడ్డాడు. కళ్లు గొంతు వినబడిన వైపు తిరిగాయి గానీ ఆమె ముఖం మీద ఆగలేదు. రెండు కళ్లలోనూ తెల్లటి మసక. ప్రతి ఆదివారం ఎదురుగా కూర్చున్నా ఆమె అది చూడలేదు.

"నాకు రాయరాదు గద బిడ్డా," అన్నాడు లింగమూర్తి నెమ్మదిగా. "నువ్వే ఎంత నేర్పినా రాలే. నీకు ఎరుకే గద."

బాపు తప్ప ఇంకెవరూ రాయలేరన్న హారతి మాటనే ఆమె మీదికి తిప్పాడు. అయినా మెహతాజీకి తేదీ చూపించింది. బ్యాగులోంచి ఫోటో తీసింది. నల్ల గౌనులో తను, అటు అమ్మ, ఇటు బాపు. "ఉస్ దిన్ బాపు మేరే సాథ్ థే," అంది, ఆ రోజు బాపు తనతోనే ఉన్నాడని.

మెహతాజీ ఫోటో చూశాడు, తేదీ చూశాడు. ఆ రోజు పనికి వచ్చావో లేదో నిజం చెప్పమని నర్సింగం వైపు తిరిగాడు. "సచ్ బోల్. ఉస్ దిన్ తూ ఆయా థా?"

నర్సింగం బల్ల అంచును తడుముతున్న లింగమూర్తి వేళ్ల వైపు చూశాడు.

"ఆయా థా," అన్నాడు, మధ్యాహ్నం పనికి వచ్చానని. "దోపహర్ కో ఆయా థా. అచ్చరం నాదే."

"బాపూ!"

నర్సింగం బిడ్డ వైపు చూడలేదు. మెహతాజీ ఫోటోను బల్ల మీద పడేసి, చదువుకున్న పిల్లలు కూడా ఇంత అబద్ధం ఆడతారా అని పక్కనున్నవాళ్లతో గుజరాతీలో అన్నాడు. వాళ్లు నవ్వారు. ఆ మాటలు అర్థం కాకపోయినా బాగుండేది. గుజరాతీ బళ్లో చదివిన పిల్ల కాబట్టి ప్రతి మాటా అర్థమైంది.

బయటికి వచ్చాక రోడ్డు పక్కన ఆటో కోసం నిలబడ్డారు. షెడ్డు చప్పుడు అక్కడిదాకా వినబడుతూనే ఉంది.

"ఎందుకు గట్ల చెప్పినవ్ బాపూ?"

"వానికి కండ్లు పోతున్నయ్. సాంచాలు గుంజుకుంటే యాడికి పోతడు? నాకు సూపున్నది. సచిన్ దిక్కు పోయి ఏదన్న కార్ఖానాల నిలబడ్త."

"మరి నా మాట? నన్ను అబద్ధాలకోర్ జేసినవ్ గద అందరి ముంగట."

"అది తప్పే బిడ్డా," అన్నాడు నర్సింగం.

"కాకను మాఫ్ జేసినవా అయితే?"

"మాఫా?" నర్సింగం ఉమ్మేశాడు. "నర్సింగా, కండ్లు మసకైతున్నయ్, జర నా తప్పులు నీ గుర్తు కింద దాసుకో అంటే దాసుకోకపోదునా? ఇరవై ఏండ్లు ఒక్క సాంచా మీద బతికినం. నన్ను అడగలే. నీ కాడ కూసొని అచ్చరం నేర్సుకున్నడు గని, నన్ను అడగలే." ఆటోకు చెయ్యి ఎత్తుతూ మళ్లీ అన్నాడు. "వాని కూడు తియ్య. గని వానితోని మాట ఉండది ఇగ."

అలాగే చేశాడు. సచిన్‌లో వేరే కార్ఖానాలో కుదురుకున్నాడు. తెల్లవారకముందే సైకిల్ మీద పోతాడు. ఆదివారం అన్నానికి లింగమూర్తి రావడం మానేశాడు. వజ్రమ్మ రెండు మూడు వారాలు అలవాటుగా అతని కంచం కూడా కడిగి పెట్టి, మళ్లీ లోపల పెట్టేసేది. ఆరు నెలలకు చూపు పూర్తిగా పోయి అతను ఊరికి వెళ్లిపోయాడని ఎవరో చెబితే నర్సింగం విన్నాడు.

హారతి పిల్లలకు ఇంకా తెలుగు చెబుతూనే ఉంది. క గుణింతం వచ్చిన రోజున ఆమె ఏ కథా చెప్పదు. బోర్డు మీద రాసి, దిద్దమని చెప్పి, కిటికీ దగ్గరికి పోయి నిలబడుతుంది. పిల్లల చేతులు పట్టుకుని దిద్దించడం మాత్రం మానేసింది. కాక మీద కోపం ఎంత ఉందో బాపు మీదా అంతే ఉంది ఆమెకు. ఆ కోపం తప్పని ఎవరూ ఆమెను ఇంకా ఒప్పించలేకపోయారు.

జోల్వాలోని ఆ షెడ్డులో ఈనాటికీ క అంటే పని చెడగొట్టినవాడని అర్థం. కొత్తగా వచ్చిన కుర్రవాళ్లు తప్పు నేస్తే, "క్యా రే, క బన్ గయా?" అంటారట. వాళ్లకు నర్సింగం ఎవరో తెలియదు.

మీకు ఇప్పుడు తెలుసు. ఆ శనివారం నర్సింగం ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని యూనివర్సిటీ హాలులో వెనక వరసలో కూర్చున్నాడు. బిడ్డ పేరు పిలిచినప్పుడు లేచి నిలబడ్డాడు, పక్కవాళ్లు కూర్చోమనేదాకా కూర్చోలేదు. మధ్యాహ్నం డుమస్ సముద్రం దగ్గర టమాటా భజియాలు తిన్నాడు. చీకటి పడ్డాకే ఇల్లు చేరాడు. కార్ఖానాకు పోలేదు. ఈ మాట మెహతాజీ నమ్మడు, శేఠ్ నమ్మడు. నర్సింగం తానే కాదన్నాడు. మీరైనా ఆయనను గుర్తుపెట్టుకోండి.