పదకొండింటికి పన్నెండు కొట్టిన గడియారం

తెన్నకోన్ మాస్టారి చేతిగడియారం రెండుసార్లు కీచుమంది.

శాలలో పదమూడు మంది భిక్షువుల దవడలు ఒక్కసారిగా ఆగిపోయాయి. దాతల్లో కూర్చున్న మాస్టారు కంగారుగా మణికట్టు చూసుకుని, "పన్నెండు" అని పైకే అనేశాడు. ఎదురుగా గోడ గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది.

మిట్టమధ్యాహ్నం దాటాక భిక్షువు మెతుకు మింగకూడదు. శ్రీలంకలో మాతలే ఊరు దాటాక వచ్చే ఈ కొండమీది అరణ్యవిహారంలో నలభై ఏళ్ళుగా ఆ నియమం ఒక్కరోజు కూడా తప్పలేదని గేటు పక్కన పాలరాతి మీద చెక్కించారు కూడా. ఇప్పుడు పదమూడు నోళ్ళలోనూ ఎర్రన్నం, లేత పనసకాయ కూర. మింగితే నియమభంగం. ఉమ్మితే దాతల ముందు పరువు నష్టం. అందరూ ప్రధాన భిక్షువు మీగహవెల విమలరతన వైపు చూశారు. ఆయన కళ్ళు మూసుకుని మింగాడు. మిగతా పన్నెండు గొంతులూ ఆయన్ని భక్తితో అనుసరించాయి.

అప్పుడే లోపలికి వస్తున్న గేదె పెరుగు, కితుల్ చెట్టు తీపి పాకం గిన్నెలు గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళాయి. వాటిని సాగనంపిన చూపుల్లో ఎవరి వైరాగ్యం ఏపాటిదో తెలిసిపోయింది.

"గడియారాలూ ఫోన్లూ గేటు దగ్గర బుట్టలో వేసి రమ్మంటాం కదా మాస్టారూ. కాలాన్ని బయట వదలమంటాం" అన్నాడు విమలరతన మెత్తగా.

"మరిచిపోయాను హాముదురూ. మరి బుట్టలో ఫోన్లు కూడా చూడమంటారా?" అన్నాడు మాస్టారు, ఇక్కడ భిక్షువుల్ని అందరూ పిలిచే పిలుపుతో.

చూశారు. బుట్టలో ఆరు ఫోన్లుంటే ఆరూ పన్నెండూ మూడు అన్నాయి. తేడా గోడ గడియారానిదే. ఇరవై నిమిషాలు.

మూడు నెలల వానాకాలపు దీక్షకి ఆ రోజు ఆఖరు. మర్నాడు భిక్షువులకి కొత్త కాషాయాలిచ్చే చీవరదానం పండుగ, కొలంబో నుంచి తొమ్మిది బస్సుల్లో దాతలు బయల్దేరుతున్నారు. ఎవరో ముల్లు వెనక్కి తిప్పారు. ఎన్నాళ్ళ కిందట తిప్పారో, పదమూడు మంది పవిత్రులు ఎన్ని పూటలు వేళ దాటి తిన్నారో ఎవరికీ తెలియదు.

"గడియారం తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?" అని అడిగాడు విమలరతన, జవాబు తెలిసినవాడి గొంతుతో.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ పొడిమెణికే కొంగు చివర ముడి మీద చెయ్యి వేసుకుంది. అరవై ఏళ్ళ మనిషి. పందొమ్మిదేళ్ళుగా ఇక్కడ వండుతోంది. ప్రతి ఆదివారం ముక్కాలిపీట ఎక్కి ఆ గడియారానికి కీ ఇచ్చేది ఆమే.

"వంట ఆలస్యమై ఉంటుంది. మాట పడకుండా ముల్లు తిప్పి ఉంటుంది" అన్నాడాయన దాతల వైపు తిరిగి.

"నేను తిప్పలేదు హాముదురూ. నా వంట ఏనాడూ ఆలస్యం కాలేదు. చల్లారిపోతుంటే మూతలు పెట్టుకుని కూర్చుంటున్నాను."

"ఉపాసికమ్మా, నాకు కోపం లేదు. నాకు కోపం రాదని అందరికీ తెలుసు. సాయంత్రం దీక్ష ముగింపు పవారణ అయ్యేలోగా గది ఖాళీ చెయ్యి."

"ఎక్కడికి పోను? నాకు ఆ గది తప్ప ఇంకేం లేదు."

"ఎక్కడికి అనే ప్రశ్నే బంధం. దాన్ని వదిలెయ్యి."

దాతల్లో ఇద్దరు ఆ మాటకి చేతులు జోడించారు. ఒకామె రాసుకుంది.

వరసలో అట్టడుగున కూర్చున్న సీలవంస పాత్ర కిందపెట్టాడు. ఆయనకి అరవై మూడు. కాషాయం కట్టకముందు ముప్పై ఒక్క ఏళ్ళు క్యాండీ పోలీసుల్లో సబ్‌ఇన్‌స్పెక్టర్ రత్నాయక. సంఘంలో పెద్దరికం వయసుతో రాదు, దీక్ష పుచ్చుకున్న రోజుతో వస్తుంది. దీక్ష పట్టి రెండేళ్ళే కాబట్టి ఇరవై రెండేళ్ళ నందసారకి కూడా ఆయన దిగువే. తెల్ల కనుబొమల ఈ ముసలాయన్ని ఊరంతా 'చిన్న హాముదురు' అంటారు.

అనుమానాన్ని వదిలించుకోడానికే ఆయన ఇక్కడికి వచ్చాడు. భార్య గుడికి వెళ్ళొస్తే చెప్పులకంటిన మట్టి రంగు చూసిన మనిషి. ఆమె పోయాక ఇంట్లో అనుమానించడానికి ఎవరూ మిగల్లేదు. అప్పుడుగాని తన జబ్బు తనకి కనపడలేదు.

*

అంతలో ఇంకో చిక్కొచ్చిపడింది. నియమం తప్పిన భిక్షువు తోటి భిక్షువు ముందు ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా పవారణకి కూర్చోకూడదు. అయితే అదే తప్పు చేసినవాడు వినడానికి పనికిరాడు. ఇక్కడ పదమూడు మందిదీ ఒకే తప్పు. ఒకరు బయటి విహారానికి వెళ్ళి, అక్కడ చెప్పి శుద్ధి అయి వస్తే, మిగతావాళ్ళు ఆయన ముందు చెప్పుకోవచ్చు. దగ్గరలో ఉన్న విహారం ఒక్కటే, కొండ కింద ఊళ్ళోది. అక్కడి పియరతన టీవీలో క్రికెట్ చూస్తాడని ఈ అరణ్యంలో మూడు నెలలుగా కనీసం పది ప్రసంగాలు జరిగాయి.

"నేను వెళ్ళను, నాకు మోకాలు నొప్పి" అన్నాడు నందసార, ఉదయమే కొండెక్కి దిగినవాడు.

పియరతన ముందు తల వంచే పని వరసలో కిందికి జారుకుంటూ సీలవంస దగ్గర ఆగింది. తెన్నకోన్ మాస్టారు ఆయన్ని త్రీవీలర్‌లో కిందికి తీసుకెళ్ళాడు.

పియరతన టీవీ గొంతు తగ్గించి, ఒప్పుకోలంతా గంభీరంగా విన్నాడు. చివర్లో కాస్త దగ్గి నవ్వు కప్పుకున్నాడు.

"మీకు కూడా వేళ తప్పుతుందన్నమాట. మా ఊరివాళ్ళకి చెప్పన్లెండి. ఎలాగూ ఈపాటికి తెలిసే ఉంటుంది."

"ఎన్నాళ్ళయిందో తెలియడం లేదు."

"ఎందుకు తెలీదు? మీ పెద్దాయన మైకులో మాట్లాడుతుంటే ఊరంతా వినక తప్పుతుందా? మీ గడియారం గంటలు కూడా వినపడేవి. మీ దీక్ష మొదలైన నెలకి, నికిణి పున్నమి వెళ్ళిన సోమవారం పదకొండు కొట్టింది. ఆయన 'కళ్ళు మూసుకోండి, కాలాన్ని వదిలెయ్యండి' అన్నాడు. కాసేపు చప్పుడు లేదు. మళ్ళీ మొదలెట్టాడు. ఇంకో ఇరవై నిమిషాలకి పన్నెండు కొట్టింది. ఇక్కడ నా టీ చల్లారకుండానే మీకు గంట గడిచిందే అని నవ్వుకున్నాం. మర్నాటి నుంచి గంటలే లేవు."



ఆ గంటలు సీలవంస కూడా విన్నాడు. శాలలో యాభై మంది విన్నారు. అరణ్యంలో నేర్పే సాధన అదే. చెవిన పడ్డ ప్రతి శబ్దాన్నీ 'విన్నాను, విన్నాను' అని మనసులో గుర్తించి వదిలెయ్యాలి. పదకొండు గంటల్ని గుర్తించి వదిలేశారు. పన్నెండు గంటల్నీ గుర్తించి వదిలేశారు. ఆ రోజు సీలవంస లెక్క కూడా పెట్టాడు. మధ్యలో ఇరవై నిమిషాలే ఉందని మనసు గింజుకుంటే, పోలీసు బుద్ధి అని దాని నోరు నొక్కాడు. మొదటిసారి అనుమానాన్ని గెలిచానని సాయంత్రం విమలరతనకి చెప్పుకుని మెప్పు కూడా పొందాడు. మెచ్చుకుంటున్నప్పుడు ఆ పెద్దాయన చాలాసేపు తన కళ్ళలోకి చూడటం ఇప్పుడు గుర్తొచ్చింది.

*

తిరిగి వచ్చేసరికి పొడిమెణికే రేకుపెట్టెలో చీరలు సర్దుతోంది.

"ఉపాసికమ్మా, ఆ గడియారం ముల్లు వెనక్కి తిప్పితే ఏమవుతుంది?"

"చిన్న హాముదురూ, మీరూ నన్నే అడుగుతున్నారా?"

"తెలిసినదానివి నువ్వొక్కదానివే. అందుకని."

ఆమె చీర మడత ఆపింది. "దాన్ని వెనక్కి తిప్పకూడదు. ముందుకే తిప్పాలి. పదకొండు కొట్టాక వెనక్కి తిప్పారనుకోండి, మళ్ళీ పదకొండు అయ్యేసరికి అది పన్నెండు కొడుతుంది. ముల్లు ఎక్కడున్నా దానికి అనవసరం, వరసలో తర్వాతది కొట్టేస్తుంది. కీ ఇచ్చేవాళ్ళకి ఈ మాత్రం తెలియదా?"

"అలా తప్పు కొట్టడం నువ్వు విన్నావా?"

"వినకేం. ఆ మధ్యాహ్నమే వెళ్ళి పెద్ద హాముదురుతో చెప్పాను. గంటల చప్పుడు ధ్యానానికి అడ్డు, సుత్తికి గుడ్డ కట్టెయ్ అన్నారు. పీటెక్కి తలుపు తీస్తే ఏముంది? అప్పటికే కట్టేసి ఉంది."

"నీకు చెప్పకముందే?"

"నాకు చెప్పకముందే. నాకెందుకులే అని దిగిపోయాను. మీరందరూ అన్నీ వదిలేస్తుంటే నేను మాత్రం పట్టుకుని ఏం చేస్తాను?"

ఖాళీ శాలలో సీలవంస గడియారం తలుపు లాగితే వచ్చేసింది. దానికి తాళం లేదు, ఆమె కొంగున ఉన్న చెవి కీ ఇవ్వడానికే. పీట అక్కర్లేకపోయింది. గడియారం ధర్మాసనానికి సరిగ్గా వెనక ఉంది. ఆసనం మీద లేచి నిలబడితే చెయ్యి అందుతుంది. సుత్తికి చుట్టిన పేలిక విప్పి వెలుతురులో పట్టుకున్నాడు. ముదురు ఎరుపు, మెత్తటి నూలు. ఇక్కడ పన్నెండు మందివీ పనసచెక్క రంగులో ముంచిన ముతక చీవరాలు. ఆ రంగు ఒంటికి పడదని డాక్టరు చెప్పాడంటూ బర్మా నుంచి తెప్పించిన మెత్తటి ఎరుపు కట్టేది ఒక్కరే.

కారణం వెతుక్కోవాల్సిన పని లేదు. ఆషాఢంలో అరగంట ఉన్న ప్రసంగం నికిణి నాటికి యాభై నిమిషాలకి పెరిగింది. తినడానికి వ్యవధి సగానికి పడిపోయింది. ఏది ఎలా వదలాలో చెప్పడానికి పెద్దాయనకి సమయం చాలడం లేదు. మైకు వదలడం కన్నా మధ్యాహ్నాన్ని జరపడం తేలికనిపించింది.

*

నాలుగింటికి ఒప్పుకోళ్ళు మొదలయ్యాయి. శుద్ధుడైనవాడు సీలవంస ఒక్కడే కాబట్టి అందరూ వరసగా అట్టడుగువాడి ముందే గొంతుక్కూర్చుని చేతులు జోడించాలి. ముందుగా విమలరతన వచ్చాడు.

"వేళ దాటి తిన్నాను. ఆ తప్పు ఒప్పుకుంటున్నాను."

"తప్పును చూస్తున్నారా భంతే?" ఇది ఎప్పుడూ అడిగే మాటే.

"చూస్తున్నాను."

తర్వాతి మాట ఎప్పుడూ అడగనిది. "ఇంకేమైనా ఉందా భంతే?"

విమలరతన కళ్ళెత్తాడు. సీలవంస ఒళ్ళో ఎర్ర పేలిక లేదు, దాన్ని చీవరం మడతలో దాచాడు. అయినా ఆ చూపులో పాత సబ్‌ఇన్‌స్పెక్టర్ కనపడి ఉండాలి.

"పోలీసు టోపీ ఇంకా తియ్యలేదా సీలవంసా?" అన్నాడు గొంతు తగ్గించి. "ఆ ముసలమ్మ మీద జాలి కూడా బంధమే. వదిలెయ్యి. నీ సాధన బాగుంది, పాడుచేసుకోకు."

"ఇంకేమీ లేదంటారా?"

"లేదు."

*

అయిదింటికి పవారణ. దీక్ష ముగింపులో ప్రతి భిక్షువూ సంఘాన్ని తన తప్పులు ఎత్తి చూపమని వేడుకుంటాడు. ముందుగా పెద్దాయన, తర్వాత వరసగా అందరూ. ఈ అరణ్యంలో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పింది లేదు. అడగడం ఆచారం, ఊరుకోవడం మర్యాద. గృహస్థులకి లోపలికి ప్రవేశం లేదు. అందుకే రెండేళ్ళ నుంచి విమలరతన తన వంతుకి మైకు పెట్టిస్తున్నాడు. తన వినయం ఊరివాళ్ళు కనీసం చెవులతోనైనా చూడాలని.

కిటికీలోంచి గేటు కనపడుతోంది. పొడిమెణికే రేకుపెట్టె మీద కూర్చుని త్రీవీలర్ కోసం చూస్తోంది. పక్కన తెన్నకోన్ మాస్టారు బుట్టలోంచి తన ఫోను తీసుకుంటున్నాడు.

విమలరతన మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించి, మైకు దగ్గరికి వంగాడు.

"సంఘాన్ని వేడుకుంటున్నాను. చూసినదిగాని, విన్నదిగాని, అనుమానించినదిగాని నాలో తప్పుంటే కరుణతో చెప్పండి. చూసి సరిదిద్దుకుంటాను."

లౌడ్‌స్పీకర్ ఆ మాటల్ని కొండ కిందికి మోసింది. ఆయన రెండోసారీ అన్నాడు. మూడోసారీ అన్నాడు. ఆ మూడో 'కరుణతో' కాస్త సాగింది కూడా. నందసార ఆవులింత మింగాడు.

వరస చివర సీలవంస లేచాడు. పదకొండు మందినీ దాటుకుంటూ వచ్చి, మైకుకి ఇవతల మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మాట్లాడటానికి అనుమతి ఇవ్వండి భంతే."

అనుమతి అడిగినవాడికి ఇవ్వాలి. పైగా ఊరు వింటోంది. విమలరతన మైకు వైపు ఒకసారి చూశాడు.

"ఇస్తున్నాను" అంది లౌడ్‌స్పీకర్.

"నేను చూడలేదు భంతే. ఆ రోజు మీరు కళ్ళు మూసుకోమంటే మూసుకున్నాను. విన్నాను, అదే మధ్యాహ్నం పదకొండూ పన్నెండూ ఇరవై నిమిషాల తేడాలో. విన్నది వదిలేశాను. అది నా తప్పు, నా వంతు వచ్చినప్పుడు చెప్పుకుంటాను. అనుమానించాను. అది నా పాత ఉద్యోగం." ఎర్ర పేలిక తీసి ఆయన మోకాలి మీద, అదే రంగు చీవరం మీద పరిచాడు. "సుత్తికి కట్టిన గుడ్డ ఇది."

గేటు దగ్గర పొడిమెణికే పెట్టె మీంచి లేచి నిలబడింది. కొండ కింద పియరతన టీవీ కట్టేశాడు.

సీలవంస మైకుని ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"గడియారం ముల్లు తిప్పింది పొడిమెణికే కాదు. మీరు. మీగహవెల విమలరతన."