సుక్కమ్మ రాయి

మధ్యాహ్నం అన్నం గిన్నెలు ఇంకా కడగనే లేదు, సుక్కమ్మ వరండాలో కాళ్లు బార్లా చాపి, మధ్యన నల్లరాయి పెట్టుకుని చింతపండు కొడుతోంది. ఇనుపకడ్డీతో ఒక్క దెబ్బ, గింజ ఎగిరి పక్కన పడుతుంది. పెళ్లయిన నాటినుంచీ మేడ్చల్ షావుకారు కొట్లో ఆమె చేసింది ఇదే పని. బొటనవేలు వంకరపోయింది, గోరు నల్లబడి చీలింది. వృద్ధాశ్రమానికి వచ్చేటప్పుడు ఆమె తెచ్చుకున్న సామాను రెండు చీరలు, ఈ గుంటపడ్డ రాయి.

శామీర్‌పేట చెరువు పక్కనున్న ఆ వృద్ధాశ్రమంలో పగలంతా అందరూ మంచాలమీదే. రాత్రయితే గాలయ్య కేకలు, బాలమణి ఏడుపు. నర్సు ఝాన్సీ నిద్రమాత్రలు పంచుతుంది. సుక్కమ్మ మాత్రం మింగదు. మాత్ర వేసుకుంటే వచ్చే నిద్ర తనది కాదని ఆమె కోపం.

రెండువేల మూడు ఎండాకాలం అది. ఆ పొద్దున పెరట్లో రాలిన చింతకాయలు ఏరుకొచ్చి, ఆమె ఒక్కొక్కరినీ మంచం దించింది. బాలమణికి ఈనెలు తీసే పని, గాలయ్యకు పెంకులు ఒలిచే పని. ఇక కబుర్లకు కరువేముంది!

ఝాన్సీ పరుగెత్తుకొచ్చింది.

"అవ్వా, ముసలోళ్లతోని పని జేయిస్తున్నరంటరు. పెద్దసార్ చూస్తే నా నౌకరి పోతది. ఆ రాయి ఇటియ్యి."

"నేనియ్య. పొద్దంత పండవెట్టి రాత్రికి గోలీ మింగిస్తవ్. గిదేం న్యాయం బిడ్డా? మేమింక సచ్చిపోలే."

ఝాన్సీ వంగి రాయి పట్టుకుంది. గాలయ్య దానిమీద చెయ్యి వేశాడు. కేకలు తప్ప మాటలు మరిచిన మనిషి.

"నేను గూడ ఇయ్య," అన్నాడు.

"ఇయ్యాల్టికే. రేపు కనవడొద్దు," అని ఝాన్సీ విసురుగా వెళ్లిపోయింది.

సాయంత్రం ఒకరి భుజం ఒకరు పట్టుకుని, పెంకులు గేటుదాకా మోసుకెళ్లి పారబోసి వచ్చారు. ఆ రాత్రి మాత్రల డబ్బా తెరిచే పని పడలేదు. గాలయ్య గురక వరండాదాకా వినిపించింది.

తెల్లవారి అందరూ లేచారు. సుక్కమ్మ లేవలేదు. నిద్రలోనే పోయింది. చేతులు సర్దుతుంటే వేళ్లనుంచి చింతపండు వాసన తగిలి, ఝాన్సీకి ఏడుపాగలేదు.

శవం బండి వెళ్లాక, ఆశ్రమం నడిపే పెద్దసార్ వచ్చాడు.

"ఈ రాయేంటి? తీసి అవతల పారెయ్యి."

వరండాలో గాలయ్య, బాలమణి అప్పటికే వచ్చి కూర్చున్నారు. ఝాన్సీ వాళ్ల వైపు చూసింది.

"తియ్యను సార్," అంది.

రాయి అక్కడే ఉంది. దాని గుంటలో నిన్నటి పులుపు ఇంకా తడి ఆరలేదు.