మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య

ఇవాళైనా చెప్పేయాలి, కట్టు విప్పేటప్పుడు కాదు, అప్పుడు ఆవిడకు నొప్పిగా ఉంటుంది, పుండు కడిగి, కొత్త కట్టు చుట్టి, సాక్సు పైకి లాగి, కాళ్లు నేలమీద పెట్టించాక, మదాం లెయొంతీన్, వచ్చే నెల నుంచి నేను రాను, మా ఆయనతో బ్రెస్ట్ ఊరికి వెళ్లిపోతున్నాను, అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది, అని ఒక్క ఊపిరిలో అనేసి ఆవిడ ముఖం చూడకుండా చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోవాలి, మూడు వారాలుగా రోజూ పొద్దున్నే ఈ లిఫ్టులో ఇవే మాటలు కూడబలుక్కుంటున్నాను, ఆరో అంతస్తులో తలుపు తెరుచుకోగానే ఆవిడ, వచ్చావా నదేజ్, కాఫీ పొయ్యి మీద పెట్టాను పిల్లా, అంటుంది, నా నోరు పడిపోతుంది, ఇవాళ అలా కాకూడదు, అనుకుంటూ ఉండగానే కింద నుంచి ఎవరో తన్నినట్టు లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది, మూడు అంకె వెలిగి ఆరిపోయింది, ఆరు నొక్కాను, సున్నా నొక్కాను, వరసగా అన్నీ నొక్కాను, ఫోను తీస్తే సిగ్నల్ లేదు, తలుపులో అరచేయంత వెడల్పు అద్దం, అందులో కింద సగం సిమెంటు గోడ, పై సగంలో నాలుగో అంతస్తు నేల నా కళ్లకు సమానంగా, దానిమీద ఎవరూ తుడవని దుమ్ము.

గంట బొమ్మ ఉన్న బొత్తాం నొక్కితే ఎక్కడో దూరపు ఊళ్లోని ఆఫీసులో ఒకమ్మాయి పలికింది, బాగుచేసే మనిషి నీస్ నుంచి రావాలట, అక్కడ కార్నివాల్ ఊరేగింపుకు రోడ్లు మూసేశారట, గంటన్నర పట్టొచ్చునట, కంగారు పడకండి, భవనంలో పిలిస్తే వచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగింది, నాకు నవ్వొచ్చింది, నలభై రెండు ఇళ్లు, ఫిబ్రవరి నెల, సముద్రం వైపు బాల్కనీలన్నిటికీ షట్టర్లు దించేసి ఉన్నాయి, వాటి సొంతదారులు ఆగస్టులో రెండు వారాలు వస్తారు, మే నెలలో సినిమా పండక్కి అద్దెకిస్తారు, మిగతా రోజుల్లో ఇక్కడ ఊపిరి పీల్చేది ఎనభై ఆరేళ్ల ముసలావిడ ఒక్కతే, ఆవిడ రెండు కాళ్లకూ కట్లు, అని చెప్పాను, ఆ అమ్మాయి, మీరున్నది కేన్స్‌లో కదా, అదృష్టవంతులండీ, సముద్రం కనిపిస్తుందా అక్కణ్నుంచి, అంది.

సముద్రం, నేను పుట్టింది రైలు పట్టాల వెనక, చాకలి గుడ్డలు ఆరేసే వీధిలో, ఆ వీధిలో ఇప్పుడు కుక్కలకు క్షవరం చేసే దుకాణం, కళ్లద్దాల దుకాణం, నేనేమో ఇప్పుడుంటున్న గ్రాస్ కొండమీది నుంచి మొదటి రైల్లో దిగి వస్తాను, దారి పొడవునా మిమోసా చెట్లు పసుప్పచ్చగా పూసి ఉంటుంది, దిగాక ఒడ్డున లారీలు ఇసుక దింపుతుంటాయి, వేసవికి వచ్చేవాళ్ల కాళ్లకు మెత్తగా ఉండాలని, మా ఆయన లొయిక్ అంటాడు, నువ్వు పుట్టిన ఊళ్లో నీకు కూర్చోడానికి కుర్చీ లేదు, అయినా ఊరు ఊరని ఏడుస్తావు, బ్రెస్ట్‌లో వానే, ఒప్పుకుంటాను, కానీ అక్కడ ఇళ్లల్లో మనుషులుంటారు, అని, రోజూ సాయంత్రం కోటు విప్పుతుండగానే, ఆవిడకు చెప్పావా, అని అడుగుతాడు, ఆవిడ నన్ను వదలదు లొయిక్, ఆవిడకు నేను తప్ప ఎవరున్నారు, అంటాను, అతను చెంచాలు తీసి బల్లమీద పెడతాడు, ఈ మధ్య ఆ చెంచాల చప్పుడే భరించలేకపోతున్నాను, గాలి తగ్గుతున్నట్టుంది, లేదు, పైన కంతలున్నాయి, గాలి వస్తుంది, గాలికేం లోటు లేదు, కోటు బొత్తాలు విప్పు, కూర్చో, సంచీ పక్కన పెట్టు.

నదేజ్, అని పైనుంచి వినబడింది, లిఫ్టు గొట్టంలోంచి ఆవిడ గొంతు సన్నగా జారుతూ వచ్చింది, కాఫీ పొంగిపోయింది, ఎక్కడున్నావు, అంది, లిఫ్టులో ఇరుక్కున్నాను, మీరు కదలకండి, మనిషి వస్తున్నాడు, అని అరిచాను, ఒంటరిగా ఉన్నావా, వస్తున్నానుండు, అంది, వద్దు మదాం వద్దు, మెట్లు దిగొద్దు, డాక్టరు ఏమన్నాడు, తుంటి ఏమవుతుంది, అని నేను అరుస్తూనే ఉన్నాను, కర్ర చప్పుడు మొదలైంది, టక్కు, తర్వాత ఒక కాలు, తర్వాత రెండో కాలు, పదిహేను నెలలైంది ఆవిడ ఆ గడప దాటి, చనిపోయినవాళ్ల పండక్కి సమాధుల దగ్గరికి వెళ్లొచ్చినప్పుడే ఆఖరు, ఇప్పుడు పడిందంటే నేనిక్కడి నుంచి వినాలి, వింటూ కూర్చోవాలి, ఈ రెండు చేతులూ పెట్టుకుని, ఐదో అంతస్తు దగ్గర ఆగింది, ఊపిరి ఈలలా వినబడుతోంది, మాట్లాడుతూ ఉండండి మదాం, అన్నాను, మాట్లాడితే పడిపోలేదని తెలుస్తుంది, దానికావిడ పెద్ద హోటలు చాకిరేవులో ముప్పై ఒక్క ఏళ్లు దుప్పట్లు ఇస్త్రీ చేసిన కబుర్లు ఎత్తుకుంది, నీకు తెలుసా పిల్లా, ఎర్ర తివాచీ మీద నడిచిన వాళ్లందరి దిండ్లూ నా చేతిమీదుగా వెళ్లాయి, చొంగ కార్చుకోని తారను నేను చూడలేదు, అని తనే నవ్వి, నవ్వుకు దగ్గొచ్చి, దగ్గు ఆగి, మళ్లీ టక్కు, ఒక కాలు, రెండో కాలు.

అద్దంలోకి బూట్లు వచ్చాయి, ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు కావు, బయటికి వెళ్లే నల్ల బూట్లు, తాళ్లు బిగించి కట్టి ఉన్నాయి, ఆ కట్ల మీద ఎలా తొడిగిందో, ఎంతసేపు పట్టిందో, వాటిపైన కోటు అంచు, ఆదివారం కోటు, నన్ను పిలిచేటప్పటికే తయారై ఉందన్నమాట, ఏం పిల్లా, ఎలకబోనులా ఉందా లోపల, అని మెట్టుమీద కూర్చుంది, ఆవిడ మోకాళ్లు కనిపించాయి, ముఖం కనిపించలేదు, ముఖం కనిపించకపోవడం వల్లే కాబోలు, ఆ బూట్ల వైపు చూస్తూ అనేశాను, నేను వెళ్లిపోతున్నాను మదాం, బ్రెస్ట్‌కు, ఒకటో తారీఖున.

తెలుసు, అంది. మందుల షాపు పిల్ల ఫోను చేసింది, మార్చి నుంచి కట్టుగుడ్డలు ఎవరి పేరుమీద పంపాలని, జనవరిలోనే, అని చెప్పింది, మరి నన్ను అడగలేదేం, అని నేనంటే, అడిగితే అబద్ధం చెప్పేదానివి, రోజూ చేతులు ఎర్రబడేదాకా కడుక్కుంటుంటే చూస్తూనే ఉన్నాను, ఎప్పుడు చెప్తావా అని, నా సంగతి నేను చూసుకున్నాలే, పక్కూరు వల్లోరిస్‌లో ముసలాళ్ల ఇంట్లో కింది అంతస్తు గది ఇస్తామన్నారు, కిటికీ కింద మట్టి ఉందట, మార్చి పదిన వెళ్తాను, అంది, నాకు కోపం వచ్చింది, ఎందుకో తెలియదు, నిజంగా కోపమే, మీ నాన్న తోట ఇక్కడే కదా, ఈ భవనం కింద, ఆయన నేల ఇస్తేనే కదా ఈ ఇల్లు వచ్చింది, ప్రాణం పోయినా కదలనన్నారు కదా, అని గట్టిగా అడిగాను, ఆరో అంతస్తులో చిక్కుళ్లు కాయవు నదేజ్, అంది.

తర్వాత కర్ర నేలకు ఆనింది, మోకాళ్లు పైకి లేచాయి, మళ్లీ పైకి ఎలా వెళ్తారు మదాం, లిఫ్టు లేదు కదా, అంటే, పైకి ఎవరు వెళ్తున్నారు, ఒడ్డుకు పోతున్నాను, పైనుంచి చూస్తే సముద్రం గోడకు అంటించిన బొమ్మలా ఉంటుంది, వాసన అక్కడిదాకా రాదు, అంది, నన్నిలా వదిలేసి వెళ్లిపోతారా, అని నా నోట్లోంచి వచ్చింది, ఆ గొంతు నాది కానట్టే ఉంది, చిన్నపిల్లది, ఆవిడ అద్దం దగ్గరకు వంగింది, తెల్లటి జుట్టు కొస ఒకటి కనిపించింది, ఊపిరాడుతోందిగా, లిఫ్టు మనిషి వస్తాడుగా, అని ఎంతో మామూలుగా అని, బూట్లు తిప్పుకుని దిగసాగింది, మూడో అంతస్తు, నా పక్కనే గోడ అవతల, రెండు, ఒకటి, ఆగుతూ, ఈలలాంటి ఊపిరి, ఎక్కడా పడలేదు, కింద పెద్ద తలుపు తెరుచుకున్న చప్పుడు, లారీల మోత ఒక్క క్షణం లోపలికి వచ్చి, తలుపు మూసుకుని, మోత ఆగిపోయింది.

ఇక ఎవరూ లేరు, భవనమంతా నేనొక్కదాన్నే, వెళ్లొద్దని ఎవరూ ఆపలేదు నన్ను, పొమ్మని కూడా ఎవరూ అనలేదు, ఆవిడ ఎన్నడైనా నన్ను ఉండిపొమ్మందా, మూడేళ్లలో ఒక్కసారైనా అందా, వెతుకుతున్నాను, దొరకడం లేదు, ఆవిడ చేతులు ఎప్పుడూ ఒళ్లోనే ఉండేవి, కాలు నా చేతుల్లో పెట్టి కిటికీ వైపు చూసేది, లొయిక్‌కు చెప్పాను, మా అమ్మకు చెప్పాను, ఆసుపత్రి వాళ్లకు ఉత్తరంలో కూడా రాశాను, నేను లేకపోతే ఆవిడకు గడవదని, రైల్లో పక్కన కూర్చున్నవాళ్లకు సైతం చెప్పుకున్నాను, చెప్పుకున్న రోజంతా కడుపు నిండినట్టు ఉండేది, గడవనిది ఆవిడకు కాదు, నాకు.