తడి గోడలు

గోడ ఇంకా ఆరలేదు. వేలు పెట్టి నొక్కితే లోపలికి దిగిపోతుంది. ఆ తడి గోడ మీదే సర్కారు ఆఫీసరుగారి బంట్రోతు ఎర్ర రంగుతో అడ్డగీత గీశాడు. ఆ ఇంటి దాలమ్మ కొంగుతో తుడవబోతే ఆమె చేతిని కర్రతో పక్కకి నెట్టాడు.

"దీవార్ గీలీ హై" అన్నాడు ఆఫీసరు, పక్కనున్న మున్షీతో. మాకు కూలి పనిచ్చే కంట్రాక్టరు ఠేకేదారుకి అతను గుమస్తా. గోడ తడిగా ఉంది కాబట్టి వరద తర్వాత కట్టిందట. వరద తర్వాత కట్టింది కాబట్టి కొత్త కబ్జా అట. కొత్త కబ్జా కాబట్టి మూడో రోజుకి ఖాళీ చెయ్యాలట. చదువుకున్నవాడి తెలివి అలా ఉంటుంది. నలభై గుడిసెలకీ నలభై గీతలు గీయించి, బూట్లకంటిన బురద మా గడపలకే రాసి వెళ్ళిపోయాడు.

నేనక్కడే ఉన్నాను. నా పేరు బలరామ్. టాటానగర్ లోకో షెడ్డులో ఖలాసీగా చేసేవాణ్ణి. డెబ్బై నాలుగు రైల్వే సమ్మెలో ఉద్యోగం పోయింది. అప్పట్నించి నాలుగేళ్ళుగా ఈ బస్తీవాళ్ళతో కలిసి ఠేకేదారు కింద తట్ట మోస్తున్నాను. షెడ్డుల్లో పనిచేసేవాళ్ళూ, కాలేజీల్లో చదువుకునేవాళ్ళూ వినాలని ఇది చెబుతున్నాను. నాకు కోపం ఉంది. దాన్ని దాచుకుని చెప్పడం నాకు చేతకాదు.

మా బస్తీ జుగ్సలాయి గోదాముల వెనక, నది ఒడ్డున ఉంది. నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. ఐదోరోజు పొద్దున్నే నది గుమ్మాల్లోకి వచ్చింది. మట్టిగోడలు బెల్లంలా కరిగిపోయాయి. దాలమ్మ భర్త తవిటయ్య ఇరవై ఏళ్ళు కొలిమి ఇటుకల దుమ్ము పీల్చి మంచాన పడ్డ మనిషి. ఆయన్ని మంచంతో సహా ఎత్తి రైలుకట్ట మీదికి చేర్చాం. ఊళ్ళో కాసిడీహ్ పేటలోని తెలుగువాళ్ళు గంజి కాచి మోసుకొచ్చారు. వాళ్ళ చలవతోనే బతికాం. సర్కారు తరఫున మమ్మల్ని పలకరించిన మనిషి లేడు.

మావాళ్ళది శ్రీకాకుళం వైపు. గాలివానలు చూసిన జనం. అక్కడొక పద్ధతుంది. ఊళ్ళో ఇళ్ళు పడిపోతే ఎవరి ఇల్లు వాళ్ళు చూసుకోరు. గోడ లేపుకునే సత్తువ లేని ఇల్లు ముందు, మిగతావి ఆ తర్వాత. ఎవరూ పిలవరు, ఎవరూ కూలి అడగరు. పడ్డ గోడని పడ్డట్టే వదిలేసి కూర్చోవడం మావాళ్ళకి సిగ్గు. నీరు తియ్యగానే కట్ట దిగి, ముందు దాలమ్మ ఇంటికి వెళ్ళాం. మగవాళ్ళు మట్టి తొక్కారు, ఆడవాళ్ళు ముద్దలు చేసి అందించారు. మా కూలీ జట్టుకి సర్దారు పోలరాజు తన చేత్తో ఆ గోడ లేపాడు. తన సొంత గుడిసె అందరికన్నా ఆఖరున చూసుకున్నాడు. వారం తిరిగేసరికి నలభై గుడిసెలూ లేచాయి.

అదే మా తప్పయింది. పక్కనున్న ఒడియా బస్తీవాళ్ళు ఏం చెయ్యాలో తోచక కూలిన గోడల మీద గోనెలు కప్పుకుని కూర్చున్నారు. ఆఫీసరు వాళ్ళ ఇళ్ళు వరదకి పడినట్టు పరిహారం చీట్లు రాసిచ్చాడు. మేము ఒకరికొకరం సాయపడి నిలబడ్డాం కాబట్టి మాకు నష్టమే జరగలేదన్నాడు. మా జాగా రోడ్డు పక్కన ఉంది, ఠేకేదారుకి గోదాము కట్టుకోవడానికి కావాలి. అసలు సంగతి ఇదీ.

ఆ మధ్యాహ్నమే దాలమ్మ గుమ్మం ముందు అందరం చేరాం.

"దర్ఖాస్త్ దేంగే, మామా" అంది పద్మకుమారి. కాసిడీహ్ నుంచి గంజి తెచ్చినవాళ్ళలో ఒకమ్మాయి, కాలేజీలో చదువుతోంది. మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది.

"ఎవులికమ్మా ఇచ్చీది దరకాస్తు? గీత గీసినోడికేనా?" అన్నాను.

పోలరాజు నేల చూపులు చూస్తూ అన్నాడు: "మున్షీ నాతోటి సెప్పినాడు. గొడవ సెయ్యకపోతే నది అవతల జాగా సూపిత్తాడంట. పని కూడా పోదంట."

"సూపించినాడా, సూపిత్తానన్నాడా?" అంది దాలమ్మ.

"సూపిత్తానన్నాడు వదినా."

"మీ అన్నని ఆస్పత్రికి తీసుకెల్తానని కూడా అన్నాడు. పదేల్లయినాది."

లోపల తవిటయ్య దగ్గుతున్నాడు. అప్పుడు మా జట్టులోని బంగారురాజు లేచాడు.

"మన గోడలు మనవే కూల్చీసుకుందాం. పడిపోనాయని సూపిత్తే మనకీ సీటీ రాత్తాడు గదా."

ఎవరూ తిట్టలేదు. అంత దిక్కుమాలిన మాట కూడా ఆ పూట ఆశగా వినిపించింది. అతని భార్య కస్తూరమ్మ మాత్రం వాచిన కాళ్ళు ముందుకి చాపి చూపించింది. "వారం రోజులు మట్టి తొక్కినాను. నీ సేతులెలాగ వత్తాయయ్యా?" అంది.

చేతులు వచ్చాయి. అదే పూట బంగారురాజు తన గుడిసె కూల్చుకున్నాడు. కస్తూరమ్మ వీపు తిప్పి కూర్చుని ఏడ్చింది. మర్నాడు మున్షీ వచ్చి ఆ జాగా చుట్టూ గుంజలు పాతించి ముళ్ళతీగ చుట్టించాడు. చీటీ ఏదని కాళ్ళ మీద పడితే, "ఘర్ కహాఁ హై?" అని నవ్వాడు. ఇల్లెక్కడుంది, ఖాళీ నేలే కదా అని. నిలబెట్టుకుంటే కబ్జా, పడగొట్టుకుంటే ఖాళీ. ఈ సంగతి తలకెక్కడానికి మాకొక ఇల్లు పోయింది. దరఖాస్తు మాట పద్మకుమారి మళ్ళీ ఎత్తలేదు.

మూడోరోజు పొద్దున హాజిరీలో మున్షీ మా పేర్లన్నీ పిలిచి, జట్టులోని ముప్పైమందికీ గునపాలు ఇప్పించాడు. ఇవాళ పని మీ బస్తీలోనే అన్నాడు. రానన్నవాడి పేరు ఈ పూటే కొట్టేస్తానన్నాడు. పోలరాజు గునపం భుజాన పెట్టుకుని ముందు నడిచాడు. మేము వెనక నడిచాం. ఎందుకు నడిచారని అడగొద్దు. పొయ్యి మీద ఎసరు పెట్టి మా కోసం చూసే ఇళ్ళే అవి, వాటినే కూల్చడానికి నడిచాం. ఆ నడక తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆడవాళ్ళంతా దాలమ్మ ఇంటి ముందు నిలబడి ఉన్నారు.

"రా మరిదీ. నువ్వే లేపినావు, నువ్వే కూల్చు. మీ అన్న లోపలే ఉన్నాడు" అంది దాలమ్మ.

పోలరాజు గోడ దగ్గరికి వెళ్ళాడు. అతని వేళ్ళ గుర్తులు ఇంకా మట్టిలో ఉన్నాయి. తర్వాత గునపం నేల మీద పడేసి, గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు.

"నావల్ల అవదు. పేరు కొట్టీసుకోమను" అన్నాడు.

నేనూ పడేశాను. ఒకరి తర్వాత ఒకరు ముప్పై గునపాలూ కిందపడ్డాయి. మున్షీ పరుగున వెళ్ళి ఒడియా బస్తీ జట్టుని పిలుచుకొచ్చాడు. వాళ్ళు వచ్చారు, చూశారు, తమలో తాము ఏదో మాట్లాడుకున్నారు. వాళ్ళ సర్దారు మా గునపాల పక్కనే తన గునపం పెట్టి పోలరాజు పక్కన చతికిలబడ్డాడు. చీటీలున్నవాళ్ళు, వాళ్ళకేం పట్టింది? నాలాంటివాడు ఏడిచాడంటే ఆ క్షణానే.

మధ్యాహ్నానికి పోలీసు లారీ వచ్చింది. లాఠీలు తలల మీదా, మోకాళ్ళ మీదా పడ్డాయి. పోలరాజునీ, దాలమ్మనీ, ఇంకో పదకొండుమందినీ ఈడ్చి లారీ ఎక్కించారు. లోపల మనిషున్నాడని కస్తూరమ్మ అరుస్తూనే ఉంది. పోలీసులు కింద పడి ఉన్న గునపాలతో గోడని నెట్టారు. తడి గోడ లోపలికే పడింది. మేము చేతులతో తవ్వి తీసేసరికి తవిటయ్య పోయాడు. నోటినిండా మట్టి ఉంది.

మంచం మీదే ఆయన్ని మోసుకెళ్ళి ఠాణా ముందు దించాం. రెండు బస్తీలూ వచ్చాయి. పద్మకుమారి కాసిడీహ్ నుంచి కాలేజీ పిల్లల్ని తీసుకొచ్చింది. రోడ్డు నిండిపోయింది. లోపల ఠాణా అధికారి దారోగా కాగితం రాసి దాలమ్మ ముందు పెట్టాడు. తడిసిన గోడ దానంతటదే పడిందని వేలిముద్ర వేస్తే భర్త దగ్గరికి వెళ్ళొచ్చన్నాడు. కిటికీలోంచి ఆమె మాట మాకు వినపడింది.

"గోడ పడలేదు. కూల్చినారు. అలగ రాయి, ఏస్తాను."

భర్త శవం పది అడుగుల దూరంలో ఉంది. ముద్ర వేస్తే చాలు. ఆమె వెయ్యలేదు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. ఎవరూ కదలకపోయేసరికి దారోగా కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ముద్ర లేకుండానే ఆమె ఒక్కదాన్నే వదిలాడు. పోలరాజునీ మిగతావాళ్ళనీ లోపలే ఉంచాడు.

నది ఒడ్డున తవిటయ్యని తగలబెట్టాం. ఆడవాళ్ళు రాకూడదనే మాట ఆ రోజు ఎవరి నోటా రాలేదు. చితి అంటుకున్నాక స్నానానికి నదిలోకి దిగబోతే దాలమ్మ ఆపింది.

"మునగొద్దు."

"మైల కదా అప్పా" అన్నాను.

"ఈ మైలతోనే ఆడి ఇంటికి ఎల్దాం తమ్ముడూ."

మూడొందలమందిమి, మైల బట్టలతో, బురద కాళ్ళతో జుగ్సలాయి ఇరుకు బజారు గుండా నడిచి ఠేకేదారు ఇంటికి వెళ్ళాం. మున్షీ బయటికొచ్చి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అశుభం, ముందు స్నానం చేసి రండి అని హిందీలో బతిమాలాడు. అతను బతిమాలడం మేము వినడం అదే మొదటిసారి.

"తానం సేసినాక ఇంటికెల్లాల బావూ. మాకు ఇల్లేదీ?" అంది దాలమ్మ. "పోలరాజుని ఒగ్గండి. మా జాగా మాకు ఒగ్గండి. అప్పటిదాక ఇదే మా ఇల్లు."

పసుపు రాసిన ఆ గడప మీద ఆమె కూర్చుంది. ఆమె వెనక కస్తూరమ్మ, బంగారురాజు, నేను కూర్చున్నాం. మా వెనక ఒడియా బస్తీ కూర్చుంది. లోపల గడియ వేసిన చప్పుడైంది. మేము లేవలేదు.