మూడో మడత

అప్పట్లో నాకు ఇరవై ఆరేళ్లు. సముద్రం దాటి వెళ్లి ఒక పెద్ద హోటల్లో దుప్పట్ల గదిలో పనికి కుదిరాను. ఉతికి ఆరేసిన దుప్పట్లను ఇద్దరిద్దరు చెరో అంచు పట్టుకుని మడతపెట్టాలి. నాకు జోడీగా పడిన మనిషిది మన భాషే. నిలబడితే తలుపు చాలేది కాదు. అందరం పొడుగక్క అనేవాళ్లం.

గది నిండా ఆవిరి. తెల్లటి దుప్పట్లు గాలి నింపుకుని పైకి లేచి, మబ్బుల్లా మెల్లగా దిగేవి. వాటి మధ్య కాళ్లు నేలమీద ఉన్నాయో లేదో తెలిసేది కాదు. ఎనిమిది నెలలయ్యేసరికి మా ఇల్లూ అలాగే అయిపోయింది. తలచుకుంటే గదులు వచ్చేవి, తలుపులు వచ్చేవి కావు. ఫోన్లో మా అక్క మాట్లాడుతుంటే, ఎవరో పక్కింటావిడ సంగతులు విన్నట్టు ఊ కొట్టేదాన్ని. ఏడుపన్నా వస్తే బాగుండేది. అదీ రాలేదు.

ఒక ఆదివారం అక్క ఫోన్ చేసింది.

"ఇల్లు ఖాళీ చేస్తున్నానే. అమ్మ పెట్టె తాళంచెవి ఎక్కడ పెట్టి చచ్చావు?"

"నాకేం తెలుసు?"

"అమ్మ పోయాక ఆ పెట్టె తీసింది నువ్వొక్కదానివే. గురువారంలోగా దొరక్కపోతే తాళం పగలగొట్టిస్తాను. వంటింటి గూట్లో పెట్టావా?"

"వంటింట్లో గూడు ఎక్కడుంది?"

"నేనెవరో గుర్తుందా తల్లీ, అదీ చెప్పాలా?" అంది అక్క.

ఆ మాట ముల్లులా దిగింది. మూడు రోజులు మనసులోనే ఆ ఇల్లంతా వెతికాను. గోడ తడిమితే ఆవిరే తగిలేది. బుధవారం అలా పరధ్యానంగా మడతపెడుతుంటే పొడుగక్క ఆగిపోయింది.

"ఇదేం మడతే? దుప్పటికి జేబు కుడుతున్నావా?"

చూద్దును కదా, నా చేతులు హోటల్ మడత వదిలేసి అమ్మ మడత వేశాయి. అమ్మ మూడోసారి మడిచేటప్పుడు ఒక కొసను లోపలికి దోపేది. సంచికున్నట్టు ఒక నోరు మిగిలేది. మందుచీటీలు, సూదులు, తాళంచెవులు, చేతికందినవన్నీ అందులో దాచేది. మా ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా ముందు దుప్పట్లే దులిపేవాళ్లం. నా చెయ్యి నన్నడక్కుండానే ఆ నోట్లోకి దూరి తడుముతోంది.

"హోటలువాళ్ల దుప్పట్లో ఏం దొరుకుతుందే, పిచ్చిదానా," అంది పొడుగక్క.

పని దిగగానే గదికి పరుగెత్తాను. నా సంచి అడుగున ఇంటినుంచి తెచ్చుకున్న నీలం గళ్ల దుప్పటి ఉంది. అక్కడిచ్చిన కంబళి సరిపోతోందని ఒక్కరోజూ విప్పలేదు. మూడో మడతలో చెయ్యి పెడితే చల్లగా తగిలింది. బయలుదేరే కంగారులో దాచింది నేనే.

దుప్పట్లోంచి మా వంటింటి పొగ వాసన వచ్చింది. ఆ పొగలోంచి గూడు మెల్లగా బయటికొచ్చింది, అంచున నూనె మరకతో సహా.

"గూడు పొయ్యికి ఎడమవైపు కదక్కా," అన్నాను ఫోన్లో.

"అందులో లేదే. నిన్ననే చూశాను."

"అవును. నా దగ్గరుంది."

అక్క తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, పిల్లలు చదువుతారు. ఆయాసం తీరాక అంది: "సరే, పగలగొట్టించను. ఉన్న పెట్టెను ఉన్నట్టే కొత్తింటికి మోయిస్తాను. నువ్వొచ్చి తియ్యి. అందాకా అమ్మ పట్టుచీర లేకుండా ఏ పెళ్లికెళ్లినా నీ పేరు చెప్పే ఏడుస్తాను."

ఏడ్చింది మాత్రం నేను, ఫోన్ పెట్టేశాక, తృప్తిగా.

మర్నాడు తాళంచెవిని నడుముకు కట్టుకుని పనికెళ్లాను. దుప్పట్లు మబ్బుల్లా లేస్తూనే ఉన్నాయి. తాళంచెవి ఒంటికి తగిలినప్పుడల్లా నా కాళ్లు నేలమీదే ఉన్నాయని తెలిసేది.